నాణ్యత – సేవ: ఒక రంపం నేర్పిన పాఠం

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో, జాతీయ వినియోగదారుల దినోత్సవం సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



పదిహేను రోజుల క్రితం కార్యదర్శిగారు ఫోను చేసి, "డిసెంబరు 24న వినియోగదారుల దినం. 1986లో వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించిన రోజు. నాణ్యత, సేవ అనే అంశం మీద మీరు ఒక అరగంట మాట్లాడాలి" అన్నారు. నేను చట్టాలు చదివినవాణ్ణి కాను. 1968లో అప్రెంటిసుగా చేరి, 2006లో రిటైరయ్యేవరకు మన వర్కుషాపు సామిల్లులో రంపపు పొట్టు మధ్యన బతికినవాణ్ణి. కాబట్టి నాకు తెలిసిన వస్తువు గురించే చెబుతాను. ఒక రంపం గురించి, దాన్ని తయారుచేసిన కంపెనీ గురించి. దానితోబాటు ముప్పై ఏళ్ళకు పైగా నా కడుపులో దాచుకున్న ఒక సంగతి కూడా చెబుతాను. నాణ్యత గురించి మాట్లాడుతూ అది దాచిపెడితే ఈ ప్రసంగానికే నాణ్యత ఉండదు.

మన ఆడవాళ్ళకు, పిల్లలకు తెలియడం కోసం ముందుగా ఒక మాట. సర్క్యులర్ సా అంటే ఇనుప బల్ల మధ్య చీలికలోంచి సగం పైకి లేచి తిరిగే గుండ్రటి రంపం. మామూలుగా వాడే పది అంగుళాల రంపం నిమిషానికి నాలుగు వేల చుట్లు తిరుగుతుంది. దాని పళ్ళ అంచు వేగం గంటకు సుమారు 190 కిలోమీటర్లు. చెక్కను మనం చేత్తో దాని మీదకు తోస్తాం. చెక్క అయిపోయాక మిగిలేది చెయ్యి. దానికి చెక్కకూ చేతికీ తేడా తెలియదు.

ఇదిగో, నా ఎడమచేయి చూడండి. చూపుడు వేలు రెండు కణుపులు లేవు. 1976లో పోయాయి. టేకు పలక చీలుస్తుండగా అది బిగుసుకుని వెనక్కి తన్నింది. దాంతోబాటు నా చేయి ముందుకు జారింది. నొప్పి తరువాత వచ్చింది, ముందు ఆశ్చర్యమే కలిగింది. విచారణ జరిగింది. "పనివాని అజాగ్రత్త" అని రాసి, జాగ్రత్తగా ఉండవలసిందని ఒక మెమో ఇచ్చారు. అప్పటి 1923 నాటి వర్కుమెన్ పరిహార చట్టం ప్రకారం చూపుడు వేలు రెండు కణుపులు పోతే 11 శాతం సంపాదనా శక్తి పోయినట్లు లెక్క. ఆ లెక్క ప్రకారం డబ్బు వచ్చింది. డబ్బు ఖర్చయిపోయింది కాని, "అజాగ్రత్త" అన్న మాట మాత్రం నాతోనే ఉండిపోయింది. నేను నిజంగానే నమ్మాను. నా వేలు నా తప్పు వల్లనే పోయిందని నలభై ఏళ్ళు నమ్మాను.

ఇక అసలు కథకు వస్తాను.

2016లో మా అమ్మాయి దగ్గరకు అమెరికా వెళ్ళాం. ఆరెగన్ రాష్ట్రంలో హిల్స్‌బరో అనే ఊరు. కంప్యూటర్ చిప్పుల కంపెనీలు ఉండడం వల్ల మనవాళ్ళు చాలామంది అక్కడ ఉన్నారు. మా అల్లుడికి వడ్రంగం సరదా. కారు షెడ్డులో ఒక రంపపు బల్ల కొని పెట్టుకున్నాడు. పేరు సాస్టాప్. కంపెనీ కూడా అక్కడికి దగ్గరలోనే, టువాలటిన్‌లో ఉంది. "మామయ్యగారూ, ఈ రంపం వేలు తగిలితే ఆగిపోతుంది" అన్నాడు. నాకు నవ్వు వచ్చింది. రంపాన్ని గురించి నాకు చెప్పేవాడా అనుకున్నాను. ధర వెయ్యి డాలర్లు దాటిందని విని, డబ్బు ఎక్కువై కొన్నాడనుకున్నాను.

అయినా పాత బుద్ధి పోదు కదా. బల్ల మీద స్కేలు పెట్టి చూశాను, ఎక్కడా వెలుతురు కనిపించలేదు. షాఫ్టు చేత్తో ఆడించి చూశాను, ఆట లేదు. పుస్తకం తెరిచాను. ఒక్కొక్క దశకు బొమ్మ, ఒక్కొక్క దశకు కావలసిన బోల్టులు వేరే ప్యాకెట్టులో. మన షాపుకు యంత్రాలు వచ్చినప్పుడు పుస్తకం ఆఫీసు బీరువాలోకి, బోల్టులు ఒకే గోనెసంచిలోకి వెళ్ళేవని మీకు గుర్తుండే ఉంటుంది. కొన్నవాడి అవస్థ ముందే ఊహించి చేసిన పని చూస్తే ఎంత ముచ్చటేస్తుందో ఆ రోజు తెలిసింది.

ఇది ఎలా పనిచేస్తుందో టూకీగా చెబుతాను. రంపం మీద చాలా చిన్న విద్యుత్ సంకేతం ఎప్పుడూ ఉంటుంది. ఎండిన చెక్క ఆ సంకేతాన్ని మార్చదు. మనిషి ఒంట్లో నీరు, ఉప్పు ఉంటాయి కాబట్టి చర్మం తగలగానే సంకేతం మారుతుంది. ఆ మార్పును కనిపెట్టిన వెంటనే, ఒక స్ప్రింగును పట్టి ఉంచిన సన్నని తీగను కాల్చేస్తుంది. స్ప్రింగు విడిచి ఒక అల్యూమినియం దిమ్మను రంపం పళ్ళలోకి నెడుతుంది. పళ్ళు దిమ్మలో దిగబడిపోతాయి. ఆ ఊపుకు రంపం బల్ల కిందికి పడిపోతుంది, మోటారు ఆగిపోతుంది. ఇదంతా సెకనులో రెండు వందలో వంతు కంటే తక్కువ కాలంలో జరుగుతుంది. మనం కన్ను ఆర్పడానికి అంతకంటే చాలా ఎక్కువ సేపు పడుతుంది.

దీన్ని కనిపెట్టినాయన స్టీఫెన్ గాస్. భౌతికశాస్త్రంలో డాక్టరేటు, వృత్తి పేటెంట్ల లాయరు, సరదా వడ్రంగం. 1999లో ఆలోచన వచ్చింది. మాంసపు ముక్కను వేలికి బదులు రంపానికి తగిలించి పరీక్షించాడు. తరువాత తన సొంత వేలినే పెట్టి చూశాడు. తాను అమ్మే వస్తువు మీద అంత నమ్మకం ఉన్న వర్తకుణ్ణి నేను మరొకణ్ణి వినలేదు. పెద్ద పెద్ద రంపాల కంపెనీల దగ్గరకు పోయి, మీ యంత్రాల్లో ఇది పెట్టుకోండి అని అడిగాడు. ఖర్చు పెరుగుతుందనీ, ఇంకా ఏవేవో కారణాలనీ చెప్పి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి తామే యంత్రాలు చేయించి 2004 నుంచి అమ్మడం మొదలుపెట్టారు.

అమెరికాలో ఇటువంటి రంపాల ప్రమాదాలు తక్కువనుకోకండి. అక్కడి ప్రభుత్వ సంస్థ లెక్క ప్రకారం 2015 ఒక్క సంవత్సరంలోనే రంపం తగిలి ఆసుపత్రి అత్యవసర విభాగాలకు వచ్చినవారు సుమారు 30 వేలమంది. చదువుకున్నవాళ్ళు, కళ్ళద్దాలు పెట్టుకున్నవాళ్ళు, పుస్తకం చదివినవాళ్ళు. వాళ్ళంతా అజాగ్రత్తపరులేనా?

సరే. ఒక శనివారం మా మనవరాలికి చిన్న పీట చేద్దామని కూర్చున్నాను. అల్లుడు పక్కనే ఉన్నాడు. ఆఖరు ముక్క సన్నది, రెండు అంగుళాలు కూడా లేదు. తోపుడు కర్ర గోడకు వేలాడుతోంది, రెండడుగుల దూరం. నా దగ్గర పనిచేసిన కుర్రాళ్ళకు వెయ్యిసార్లు చెప్పి ఉంటాను, సన్న ముక్కకు తోపుడు కర్ర లేకుండా చెయ్యి పెట్టవద్దని. పెట్టాను. సీమటపాకాయ పేలినట్లు శబ్దం. చూస్తే బల్ల మీద రంపం లేదు. ఎడమ బొటనవేలి మీద పిల్లి గీరినట్లు ఒక గీత, ఒక రక్తపు బొట్టు. మా మనవరాలు దాని మీద బొమ్మల పట్టీ అంటించింది.

దిమ్మ ఉన్న పెట్టె పనికిరాకుండా పోయింది, రంపం కూడా పాడయింది. రెండూ కొత్తవి వేసుకోవాలి. అల్లుడు కంపెనీకి ఫోను చేశాడు. ఫోను తీసిన అమ్మాయి మొదట చేతి సంగతి అడిగింది, తరువాతే యంత్రం సంగతి. పేలిన పెట్టెను పంపితే, అందులో నమోదైన వివరాలను వాళ్ళు చదువుతారు. నిజంగా వేలు తగిలే పేలిందని తేలితే కొత్త పెట్టె ఉచితంగా పంపుతారు. తడి చెక్క వల్లనో, మేకు తగిలో పేలితే మాత్రం ఖర్చు మనదే. మాకు ఉచితంగా వచ్చింది. ఇది నా ముఖం చూసి చేసిన ఉపకారం కాదు, ఆ కంపెనీ పద్ధతే అది.

ఇందులో ఉన్న విశేషం గమనించండి. నేను తోపుడు కర్ర వాడలేదు. తప్పు నాదే. మామూలుగా ఏ కంపెనీ అయినా, "మీరు పుస్తకంలో చెప్పినట్లు చేయలేదు కాబట్టి మాకు బాధ్యత లేదు" అంటుంది. వీళ్ళు మాత్రం తప్పు చేసినవాడికే ఉచితంగా పంపుతున్నారు. ఎందుకంటే మనిషి ఏదో ఒక రోజు తప్పు చేస్తాడన్న లెక్కతోనే ఆ యంత్రాన్ని తయారుచేశారు. ఆ రోజు వచ్చినప్పుడు యంత్రం తన పని చేసిందా లేదా అన్నదే వాళ్ళు చూసుకుంటారు. నాణ్యత అంటే ఇది. కొన్న రోజు మెరుపు కాదు, గ్యారంటీ కాగితం కాదు. మన అతి చెడ్డ రోజున ఆ వస్తువు, ఆ వస్తువు చేసినవాడు మన పక్షాన నిలబడ్డారా లేదా అన్నదే నాణ్యత.

ఆ కంపెనీని దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. మంచి వస్తువును పేటెంట్ల తాళం వేసి చాలాకాలం తమ దగ్గరే ఉంచుకున్నారు. 2015లో బాష్ కంపెనీ ఇటువంటి రంపమే తెస్తే, వివాదం నడిపి 2017లో దాని దిగుమతి ఆపించారు. ధర కూడా సామాన్య వడ్రంగికి అందేది కాదు. 2024లో మాత్రం, అమెరికా ప్రభుత్వం ఇటువంటి రక్షణను తప్పనిసరి చేస్తే ఒక ముఖ్యమైన పేటెంటును అందరికీ వదిలేస్తామని ప్రకటించారు. మంచీ చెడూ రెండూ చెప్పాలి కాబట్టి చెప్పాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బొటనవేలు నొప్పి వల్ల కాదు. 1988 గుర్తుకువచ్చింది.

అప్పటికి నేను చార్జ్‌మన్‌ని. మా సెక్షనులో ఒక కుర్రవాడు ఖలాసీగా కొత్తగా చేరాడు. ఇరవై రెండేళ్ళు ఉంటాయి. సర్క్యులర్ సా మీద రెండు వేళ్ళు పోయాయి. ఆ యంత్రానికి పై గార్డు లేదు. ఎందుకు లేదు? దాని బ్రాకెట్టు విరిగి ఎనిమిది నెలలయింది. ఇండెంటు పెట్టాను, రాలేదు. మళ్ళీ పెట్టలేదు. గార్డు స్టోర్సు వెనకాల తుప్పుపట్టి పడి ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షను ప్రకారం ప్రమాదకరమైన యంత్ర భాగాలకు గట్టి కాపుదల ఉండాలన్నది అప్పటి నియమం. అది లేకుండా యంత్రం నడిపించినందుకు పైవాళ్ళకూ మాట వస్తుంది, నాకూ వస్తుంది. ఆ ఏడే నా ప్రమోషను ఫైలు కదులుతోంది.

అప్పటి పరిహార చట్టంలో ఒక మెలిక ఉండేది. ఉత్త అజాగ్రత్త అయితే పరిహారం పోయేది కాదు. కాని పనివాడు తాగి ఉన్నా, కావాలని ఆజ్ఞను ధిక్కరించినా, కావాలని రక్షణ సాధనాన్ని తీసివేసినా యజమాని తప్పించుకోగలిగేవాడు. నా రిపోర్టులో నేను ఇలా రాశాను: "పనివాడు గార్డును తానే తీసివేసి పనిచేశాడు." ఒక్క వాక్యం. నా ప్రమోషను వచ్చింది. రెండు వేళ్ళకు చట్టం ప్రకారం 20 శాతం లెక్కన ఆ కుర్రవాడికి రావలసిన డబ్బు రాలేదు. అతన్ని ఆఫీసులో కాగితాలు మోసే పనిలో వేశారు. రిటైరయ్యేదాకా అదే పని చేశాడు. నన్ను ఎక్కడ చూసినా నమస్కారం పెట్టేవాడు. నేను చూపు తిప్పుకునేవాణ్ణి.

నాకు జరిగిన అన్యాయం నాకు తెలుసు. అదే అన్యాయాన్ని, ఇంకా పెద్దదిగా చేసి, నా కింద ఉన్నవాడికి చేశాను.

అమెరికా నుంచి వచ్చాక 2017 సంక్రాంతి వెళ్ళిన వారం వాళ్ళింటికి వెళ్ళాను. మంచం వేసి, కాఫీ ఇచ్చారు. సంగతి చెప్పాను. అతను కొంచెంసేపు ఊరుకుని, "నాకు తెలుసు సార్. ఆ కాగితం అప్పుడే చూశాను. ఆఫీసులో కాగితాలు మోసేది నేనే కదా" అన్నాడు. ముప్పై ఏళ్ళ నమస్కారాలకు అర్థం అప్పుడు తెలిసింది. డబ్బు లెక్కకట్టి ఇవ్వబోతే తీసుకోలేదు. "మా వాడు చెక్కపని షెడ్డు పెట్టాడు. ఒకసారి వచ్చి చూడండి" అన్నాడు.

వెళ్ళి చూశాను. మీరూ చూసే ఉంటారు, ఈ రోజుల్లో ప్రతి వీధిలో ఉంది ఈ ఏర్పాటు. రాయి కోసే మార్బుల్ కట్టర్‌కు చెక్క రంపం బిగించి, దాన్ని తలకిందులుగా బల్ల కింద కట్టి, స్విచ్చిని తాడుతో నొక్కిపెట్టి ఉంచుతారు. గార్డు లేదు. రంపం వెనకాల చెక్క బిగుసుకోకుండా నిలబడే రేకు లేదు. ఆపాలంటే ప్లగ్గు పీకాలి. తండ్రికి ఆ చేయి ఉంది, కొడుకు ఈ యంత్రం మీద పనిచేస్తున్నాడు.

సాస్టాప్ కొనే స్తోమత మనకు లేదు. కాని ఆ కంపెనీ నేర్పిన ఆలోచనకు డబ్బు అక్కరలేదు. నాలుగు రోజులు అక్కడే కూర్చున్నాను. ఆ కట్టర్ తీయించి, బల్లకోసమే తయారైన రంపం ఒకటి తెప్పించాను, ఖర్చు నాది. ఈసారి కొడుకు ఒప్పించాడు తండ్రిని. రంపం వెనక రేకు అమర్చి పై గార్డు బిగించాను. మోకాలితో కొడితే ఆగే పెద్ద ఎర్ర స్విచ్చి పెట్టించాను. నా చేత్తో నాలుగు తోపుడు కర్రలు కోసి, బల్లకే, చేతికందే చోట తగిలించాను. గోడకు కాదు.

మిత్రులారా, మన పిల్లలో, మనవలో ఏ యంత్రం కొన్నా, అది మిక్సీ కావచ్చు, రంపం కావచ్చు, మూడు ప్రశ్నలు అడగండి. మనిషి పొరపాటు చేస్తే ఇది ఏం చేస్తుంది? విడి భాగం విరిగితే ఎన్నాళ్ళలో దొరుకుతుంది? ఫోను చేస్తే మనిషి పలుకుతాడా? ఈ మూడింటికీ జవాబు లేని వస్తువు ఎంత చవకైనా ఖరీదే. 2019 నాటి కొత్త వినియోగదారుల చట్టం కూడా తయారీ లోపానికే కాక, రూపకల్పనలో లోపానికీ, వాడకం సూచనలు సరిగా ఇవ్వకపోవడానికీ తయారీదారును బాధ్యుణ్ణి చేసింది. వస్తువు వల్ల హాని జరిగితే "నా ఖర్మ" అనుకుని ఊరుకోకండి.

మన సంఘానికి ఒక మనవి. మన సభ్యుల్లో చార్జ్‌మన్లు, ఫోర్‌మన్లు, ఫిట్టర్లు ఎందరో ఉన్నారు. నెలకు ఒక ఆదివారం ఇద్దరిద్దరుగా మన ఊళ్ళోని వడ్రంగం షెడ్లకు వెళ్ళి, గార్డు, వెనక రేకు, తోపుడు కర్ర, ఆపే స్విచ్చి, ఈ నాలుగూ ఉన్నాయో లేదో చూసి, లేకపోతే అమర్చి వద్దాం. సామాను ఖర్చుకు నా ఒక నెల పెన్షను ఈరోజే కోశాధికారిగారికి ఇస్తున్నాను.

మనందరం "నాకు ఇన్నేళ్ళ సర్వీసు" అని చెప్పుకుంటాం. నాకు 38 ఏళ్ళ సర్వీసు. అందులో ఒక్క వాక్యం మాత్రం సర్వీసు కాదు. ఆ వాక్యాన్ని ఈరోజు మీ అందరి ముందు వెనక్కి తీసుకుంటున్నాను. 1988లో ఆ గార్డును ఆ కుర్రవాడు తీయలేదు. అది ఎనిమిది నెలలుగా లేదు. ఆ సంగతి నాకు తెలుసు.

ఈ మాట ఇక్కడ చెప్పడానికి అతని అనుమతి తీసుకున్నాను. పేరు చెప్పవద్దన్నాడు. "మన పిల్లలు మిషన్ల మీద పనిచేస్తున్నారు, వాళ్ళ కోసం చెప్పండి" అన్నాడు. అందుకే చెప్పాను.